గోడలో దొరికిన ఖాళీ

కరోనా తగ్గి సైట్లు మళ్లీ మామూలుగా నడుస్తున్న రోజుల్లో, ఒక ఫిబ్రవరి మొదటి ఆదివారం, నన్ను ఇబ్రి పనికి వేశారు. అప్పటికి నా పదవీ విరమణకు పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక కన్సల్టెన్సీలో నేను సీనియర్ ఎలక్ట్రోమెకానికల్ ఇంజనీర్‌ని. భవనంలోకి కరెంటు, నీళ్లు, చల్లగాలి ఎలా రావాలో, మురుగు ఎలా పోవాలో గీసేది మా విభాగం. గోడలూ కప్పులూ మావి కావు, స్ట్రక్చరల్ విభాగానివి. ఆ రెండు విభాగాల మధ్య సరిహద్దును మేం చాలా శ్రద్ధగా కాపాడుకునేవాళ్లం. నా తప్పు అక్కడే జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

బౌషర్‌లో మా ఇంటి నుంచి నిజ్వా మీదుగా ఇబ్రికి దాదాపు మూడు గంటల ప్రయాణం. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లి, నాలుగు రాత్రులు కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉండి, గురువారం మధ్యాహ్నం తిరిగి వచ్చేదాన్ని. సైట్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కాకినాడలో చదువుకుని, ముప్ఫై ఏళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి అది నాకు కొత్త కాదు.

ఇల్లు ఊరి పాత పేటలో, ఖర్జూరపు తోటల అంచున ఉంది. రాతి పునాది, పైన మట్టి ఇటుక, రెండు అంతస్తులు, మధ్యలో ముంగిలి. కట్టించిన కుటుంబమే కొత్త ఇంటికి మారిపోయాక అది చాలా ఏళ్లు తాళం వేసి ఉంది. వారసత్వ భవనాల జాబితాలో చేరినందువల్ల దాన్ని కూల్చడానికి వీల్లేదు. ఆ ఊరి వాళ్లే పెట్టుకున్న ఒక చిన్న కంపెనీ లీజుకు తీసుకుని యాత్రికుల వసతిగృహంగా మార్చాలనుకుంది. ఇలాంటి పనికి ప్రభుత్వ శాఖ పెట్టే షరతులు కొత్త భవనాల షరతుల్లా ఉండవు. గోడ కోయకూడదు. మట్టి గోడకు సిమెంటు తగలకూడదు, ఎందుకంటే సిమెంటు తేమను లోపలే బంధించేస్తుంది, మట్టి లోలోపల కుళ్లిపోతుంది. మనం పెట్టే ప్రతిదీ ఎప్పుడైనా తీసేయడానికి వీలుగా ఉండాలి. ఈ మూడో షరతును నేను ఎలక్ట్రీషియన్లకు ఒక్క ముక్కలో చెప్పేదాన్ని: రేపు పీకేస్తే ఇల్లు నిన్నటిలా ఉండాలి.

పై అంతస్తులో అతిథులను కూర్చోబెట్టే పెద్ద గది ఉంది. దాని కప్పు చూడటానికే మస్కట్ నుంచి జనం వచ్చేవారు. అడ్డంగా ఒక లావుపాటి దూలం, దాని మీద వరసగా వాసాలు. దూలం మీదా వాసాల మీదా ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో తీగలూ పూలూ, మధ్యమధ్య అరబ్బీ అక్షరాలూ. అన్నేళ్లు మూసి ఉన్నా రంగు వెలిసిపోలేదు. మొదటిరోజు నేను తలెత్తి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మెడ నొప్పి పుట్టాక కిందికి చూశాను.

ఆ గదికి ఏసీ కావాలి. ఏసీ అంటే అందరికీ చల్లగాలి గుర్తొస్తుంది, మాకు నీళ్లు గుర్తొస్తాయి. గాలిలో తేమ యంత్రం లోపల నీరై కారుతుంది. ఆ నీటిని ఎక్కడో ఒకచోట దింపాలి. మామూలు భవనంలో గోడకు గాడి కొట్టి డ్రెయిన్ పైపు దాచేస్తాం. ఇక్కడ గాడి కొట్టకూడదు, పైపు ఎక్కడ కారినా మట్టి గోడ కరిగిపోతుంది. బయట ముంగిలి వైపు చెక్క పెట్టెలో పైపు దింపవచ్చు గానీ, అంత అందమైన ముంగిలిలో ఒక పెట్టె వేలాడటం నాకు నచ్చలేదు. రెండు వారాలు ఆ గది చుట్టూ తిరిగాను.

దారి చూపించింది గంగారాం. జగిత్యాల వైపు మనిషి, కాంట్రాక్టరు దగ్గర షట్టరింగ్ ఫోర్‌మన్, అంటే కప్పులు పోసేటప్పుడు కింద పలకలూ ఆసరాలూ కట్టించే మనిషి. ఒమన్‌లో అప్పటికి పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఏ గోడ దగ్గరికి వెళ్లినా ముందు వేలి కణుపులతో తట్టి చూడటం అతని అలవాటు. ఒకరోజు మెట్ల పక్కన, దూలం ఆనే గోడను తట్టి నన్ను పిలిచాడు.

"మేడమ్, ఈడ డొల్ల ఉన్నది. సప్పుడు ఇనుండ్రి."

నిజంగానే డొల్ల. దూలానికి మూరెడు కింద పూత ఎప్పుడో పెచ్చులూడి ఉంది. శాఖ తరఫున వచ్చే ఇన్‌స్పెక్టర్ ఖాలిద్ అనుమతితో అక్కడ పిడికిలి పట్టేంత కన్నం విప్పాం. టార్చి వేస్తే గోడ లోపల చీకటి గొట్టంలా కనిపించింది. దారానికి ఇనప గుండు కట్టి వదిలాను. ఎక్కడా తట్టుకోకుండా ఐదున్నర మీటర్లు దిగింది. అంటే పై గది నుంచి కింది గది నేల దాకా గోడ లోపల నిలువు దారి. కోయకుండా, దాచడానికి, తీసేయడానికి వీలుగా! నాకు లాటరీ తగిలినట్టయింది. అప్పటికే ఉన్న స్ట్రక్చరల్ నివేదికలో ఆ గోడ బలంగా ఉందని రాసి ఉంది కాబట్టి, డొల్ల సంగతి ఆ విభాగానికి చెప్పలేదు. పూర్వం ఏ నీళ్ల కోసమో, పొగ కోసమో కట్టుకుని ఉంటారనుకున్నాను. డ్రాయింగ్‌లో ఆ చోట 'ఇప్పటికే ఉన్న షాఫ్ట్' అని రాశాను. ఖాలిద్ ఆ మాట చూసి, గోడ కోయడం లేదు కదా అని సంతకం చేశాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ మాట రాసింది నేను.

పైపులు దించే వారం మంగళవారం నాడు ఇంటివాళ్ల నుంచి కబురొచ్చింది. కుటుంబంలో పెద్దావిడ ఉమ్ సాలిం, అంటే సాలిం వాళ్లమ్మ, ఆడ ఇంజనీరు వచ్చిందని విని కాఫీకి రమ్మందట. ఆమెకు ఎనభై దాటాయి. ఆ ఇంట్లోనే పుట్టింది, అక్కడి ఆచారం ప్రకారం చిన్నాన్న కొడుకునే చేసుకోవడంతో పెళ్లయినా అక్కడే ఉండిపోయింది. మర్యాద కోసం వెళ్లాలని బయల్దేరాను. చూపిస్తే సంతోషిస్తుందని డ్రాయింగులు కూడా తీసుకెళ్లాను.

కొత్త ఇంటి తలుపు తీసిన ఆమె నా ముఖం, బొట్టు చూసి అరబ్బీ ఆపేసింది.

"మీరు తెలుగోళ్లా మేడమ్?"

ఆమె పేరు రమణమ్మ. కడప జిల్లా. పదకొండేళ్లుగా ఉమ్ సాలింను చూసుకుంటోంది. నా అరబ్బీ సైట్ అరబ్బీ. పని, పైపు, రేపు, డబ్బు వరకే వచ్చు. రమణమ్మ మాత్రం ఆ ముసలావిడ యాసలోనే గలగలా మాట్లాడుతోంది. ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెల్లో కాఫీ పోసి, మా ఇద్దరి మధ్య చాప మీద కూర్చుంది.

ఉమ్ సాలిం ఇంటి గురించి ఒక్కొక్కటే అడిగింది. తలుపులు మారుస్తున్నారా? బావి పూడుస్తున్నారా? పైగదిలో రంగులు కడుగుతున్నారా? దేనికీ అవునని చెప్పాల్సి రాలేదు. తర్వాత చల్లగాలి యంత్రం నీళ్లు ఎటు పోతాయని అడిగింది. ఇంజనీర్లు కూడా చాలామంది అడగని ప్రశ్న అది. నేను సంతోషంగా కాగితం పరిచి, మెట్ల పక్క గోడలో పాతకాలపు షాఫ్ట్ దొరికిందని, పైపు అందులోంచి దిగుతుందని చెప్పాను. రమణమ్మ అదంతా అరబ్బీలో చెప్పింది.

ఉమ్ సాలిం గిన్నె కింద పెట్టింది. ఏదో రెండుసార్లు అంది.

"ఆ గోడలో దోవ లేదంట మేడమ్," అంది రమణమ్మ. "ఆడ మాను ఉండాదంట. ఖర్జూరం మాను."

అర్థం కాలేదన్నాను. పెద్దావిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది, రమణమ్మ వాక్యం వెంట వాక్యం తెలుగు చేసింది. ఉమ్ సాలింకు ఏడేళ్లప్పుడు రోజుల తరబడి వాన పట్టింది. వాగు తోటల్లోంచి ఇంటి దాకా వచ్చింది. మెట్ల పక్క గోడ తన చెయ్యి దూరేంతగా చీలింది. పైగదిలో దూలం ఒక పక్కకి దిగింది. వాళ్ల నాన్న, చిన్నాన్న కలిసి తోటలో ఒక ఖర్జూరపు చెట్టు నరికి, గోడను లోపలి వైపు తవ్వి, మానును దూలం కింద నిలబెట్టి, మళ్లీ మట్టితో పూడ్చేశారు. మట్టి తొక్కడానికి తానూ చెల్లెలూ నీళ్లు మోశారు.

"ఆ చెట్టు కాయలంటే ఆమెకి శానా ఇష్టమంట. దాన్నే నరికినారని రెండు దినాలు అన్నం తినల్యాదంట. అందుకే బాగా గుర్తుండాది అంటాంది."

పెద్దావిడ నా వైపు చూసి ఇంకో ప్రశ్న వేసింది.

"మాను ఆడ్నే ఉండాదా అని అడుగుతాంది మేడమ్."

"లేదమ్మా. లోపలంతా ఖాళీ."

రమణమ్మ ఆ మాట చెప్పింది. ఉమ్ సాలిం చాలా మామూలుగా, వంటింట్లో ఏదో అడిగినట్టు అడిగింది.

"అట్లయితే దూలాన్ని ఎవరు మోస్తాండారు? అంటాంది."

నేను చాప మీద నుంచి లేచి వరండాలోకి వచ్చి గంగారాంకి ఫోన్ చేశాను. పైగదిలో ఎవరున్నారని అడిగితే, ఇద్దరు మనుషులు స్కాఫోల్డింగ్ మీద ఉన్నారని, పైపు పట్టేలా పూతలో కన్నం పెద్దది చేయడానికి డ్రిల్లు పెట్టారని చెప్పాడు. వెనక డ్రిల్లు చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"డ్రిల్లు ఆపించు. అందర్నీ కిందికి దింపు. కింది గదిలో కూడా ఎవరూ ఉండొద్దు."

"మేనేజర్ సాబ్ ఒప్పుకుంటడా మేడమ్?"

అది సరైన ప్రశ్నే. సైట్‌లో పని ఆపే అధికారం పర్యవేక్షణ చూసే రెసిడెంట్ ఇంజనీర్‌ది, కాంట్రాక్టరు ప్రాజెక్ట్ మేనేజర్‌ది. నాది కాదు. నా అధికారం నా డ్రాయింగ్ వరకే. అందుకని దాన్నే వాడుకున్నాను. "నా డ్రాయింగ్ వెనక్కి తీసుకుంటున్నా. డ్రాయింగ్ లేకుండా ఎవరూ పని చెయ్యకూడదు. నేను చెప్పానని చెప్పు," అన్నాను. చప్పుడు ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను.

నేను సైట్‌కి చేరేసరికి ప్రాజెక్ట్ మేనేజర్ ముంగిలిలో పచార్లు చేస్తున్నాడు. అతని కోపంలో అన్యాయమేమీ లేదు. ఆమోదం వచ్చిన డ్రాయింగ్, సంతకం అయిన పని, పక్కన బలంగా ఉందన్న నివేదిక. వీటన్నిటికీ ఎదురుగా ఒక ముసలావిడ ఏడేళ్లప్పటి జ్ఞాపకం. ఆమె చెప్పింది తప్పయితే మీరు ఏం సమాధానం చెబుతారని హిందీలో అడిగాడు. తప్పని తేలితే అదే డ్రాయింగ్ మీద మళ్లీ సంతకం పెట్టి, ఆలస్యానికి కారణం నేనని రాసిస్తానని చెప్పాను. అలా అన్నాను గానీ లోపల భయంగానే ఉంది. ఉద్యోగం చివరి ఏడాదిలో అలాంటి కాగితం ఎవరూ కోరుకోరు.

మురుగు పైపుల లోపల చూడటానికి మా విభాగంలో ఒక కెమెరా ఉంటుంది. పొడవాటి తీగ, దాని కొసన కటకం, చిన్న దీపం. మొదటిరోజే అది లోపల పెట్టి చూడాల్సింది. గుండు దిగింది కదా, చాలనుకున్నాను. ఇప్పుడు గంగారాం ఒక్కడే స్కాఫోల్డింగ్ ఎక్కి తీగను కన్నంలోకి దూర్చాడు. అతన్ని కూడా ఎక్కొద్దన్నాను. నిమిషంలో దిగుతానని వినలేదు. మేం తలుపు బయట నిలబడి తెర చూశాం.

ముందు కిందికి చూపించాడు. గుండ్రటి గోడకు చెదలు కట్టిన మట్టి సొరంగాలు, వేలాడుతున్న నార పోగులు. మానును చెదలు పూర్తిగా తినేసి, దాని ఆకారం మాత్రం గోడలో వదిలేశాయి. తర్వాత కటకం పైకి తిప్పమన్నాను. దూలం కొస కనిపించింది. దాని కింద ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక పక్కన మాత్రం రెండు వేళ్ల మందం పూత పెచ్చు అంచుకు ఆని ఉంది. ఆ పెచ్చులోంచి సన్నని పగులు కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. డ్రిల్లు పెట్టింది దానికి జానెడు దూరంలో.

ప్రాజెక్ట్ మేనేజర్ తెర వైపు చూసి, నా వైపు చూసి, రెసిడెంట్ ఇంజనీర్‌కి ఫోన్ చేశాడు. తర్వాత కావలసిన సామాను సమకూర్చడానికి ఆ రోజంతా అతను తిరిగినంత ఎవరూ తిరగలేదు.

స్ట్రక్చరల్ ఇంజనీరు మస్కట్ నుంచి మర్నాటికి గానీ రాలేడు. అంతవరకు దూలానికి తాత్కాలికంగా జాకీలతో, అంటే మర తిప్పితే పొడవు పెరిగే ఇనప స్తంభాలతో, ఆసరా పెట్టాలని ఫోన్‌లోనే చెప్పి, ఎలా పెట్టాలో గీసి పంపాడు. రంగులున్న చెక్కను తాకే ఏ పనీ ఇన్‌స్పెక్టర్ ఎదురుగా తప్ప చేయకూడదని నియమం. ఖాలిద్ ఇబ్రిలోనే ఇంకో చోట ఉండటంతో అరగంటలో వచ్చాడు. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు అతనికి. నా డ్రాయింగ్ మీద పెట్టిన తన సంతకం గురించి ఒక్క మాట ఎత్తలేదు. జాకీకి, రంగుకు మధ్య ఏం పెడతారని మాత్రం అడిగాడు. క్యాంపు దుప్పట్లు తెచ్చారు. వాటి రంగు చెమ్మకి అంటుకుంటుందని అతను వద్దన్నాడు. ఉతికిన తెల్ల నూలు బట్ట కావాలన్నాడు. నేను రమణమ్మకు ఫోన్ చేశాను. పావుగంటలో ఆమె పెద్దావిడ పెట్టెలోంచి తెల్ల నూలు దుప్పట్లు తీసుకుని కారులో వచ్చింది.

ఆ మధ్యాహ్నం గంగారాం చేసిన పని నేను ఏ శిక్షణ తరగతిలోనూ చూడలేదు. ముందు కింది గదిలో, పైగది జాకీలు ఎక్కడ నిలుస్తాయో సరిగ్గా ఆ చోట్ల కింద, ఇనప జాకీలు పెట్టించాడు. పైన మోపిన బరువు మధ్య అంతస్తు మీద ఆగిపోకుండా నేల దాకా దిగాలి కాబట్టి. తర్వాత పైగదిలో మందపాటి పలకలు పరిచి వాటి మీద జాకీలు నిలిపాడు. దూలానికి వెంట్రుక వాసి కింద ఒక దారం ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించి కట్టాడు. ఒక మనిషిని దాని దగ్గర నిలబెట్టి, దారానికీ దూలానికీ మధ్య ఎడం పెరిగినా తగ్గినా అరవమన్నాడు. జాకీ మర తిప్పడానికి ఇనప రాడ్డు తెచ్చిన మనిషి చేతిలోంచి రాడ్డు తీసి పక్కన పడేశాడు.

"చేతితోని తిప్పుండ్రి. మనం దాన్ని మోసుడే, లేపుడు కాదు. ఒక్క నూలంత లేపితె పైన పూలన్నీ రాల్తయి."

ఖాలిద్‌కు హిందీ కొద్దిగా వచ్చు గానీ తెలుగు రాదు. ఏమన్నాడని నన్ను అడిగాడు. చెప్పాను. అతను జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు.

ఆరు జాకీలు. ఒక్కోటి దుప్పటి మడతకు ఆనాక గంగారాం దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. బరువు దిగిందో లేదో చేతికి తెలుస్తుందట. నాలుగో జాకీ దగ్గర దారం మనిషి అరిచాడు. గంగారాం పావు చుట్టు వెనక్కి తిప్పాడు. ఎడం మళ్లీ మొదటిలాగే ఉందని ఆ మనిషి చెప్పాక, ఐదో జాకీ దగ్గరికి వెళ్లాడు. రమణమ్మ ద్వారం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు వినిపించేసరికి ఆరూ నిలబడ్డాయి. కప్పు నుంచి ఒక్క రంగు పెచ్చు రాలలేదు. ఖాలిద్ గంగారాం దగ్గరికి వెళ్లి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. గంగారాం సిగ్గుపడి, టీ తాగి వస్తానని వెళ్లిపోయాడు.

తర్వాతి పని స్ట్రక్చరల్ వాళ్లది. మట్టి ఇటుకలు అక్కడే పోయించి, కాల్చిన మట్టితో ఈ దేశంలో పూర్వం నుంచి చేసే సారూజ్ అనే పూతతో ఆ ఖాళీని కింది నుంచి పైకి కొద్దికొద్దిగా నింపుకొచ్చారు. దూలం కొస కింద గట్టి చెక్క దిమ్మ పెట్టారు. అది ఆరేదాకా ఏడు వారాలు జాకీలు కదల్చలేదు. నా పైపు ముంగిలి వైపు చెక్క పెట్టెలోకి వచ్చింది. అది కనిపిస్తుందే అని నేను బాధపడితే, కనిపించడమే మంచిదని ఖాలిద్ అన్నాడు. పాతదేదో కొత్తదేదో రేపు వచ్చేవాళ్లకు తెలియాలట. ఆ మాట నాకు అప్పటికి పూర్తిగా రుచించలేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను.

నివేదికలో నేను రాయవలసింది రాశాను: ఖాళీ ఎందుకు ఏర్పడిందో విచారించకుండా దాన్ని షాఫ్ట్ అని పేరు పెట్టింది నేను. మా డైరెక్టర్ నాకు మెమో ఇచ్చారు. అందులో ఒక్క వాక్యం కూడా అన్యాయంగా లేదు. ఖాలిద్ వైపు నుంచి వెళ్లిన ఫైలులో ఉమ్ సాలిం వాంగ్మూలం చేరింది. తెలుగులోకి చెప్పిన మనిషిగా రమణమ్మ పూర్తి పేరు, ఆసరా పెట్టిన మనిషిగా గంగారాం పూర్తి పేరు చేరాయి. సంతకం కోసం కాగితం తీసుకెళ్తే రమణమ్మ తన పేరు మీద వేలు పెట్టి, "ఇది గవర్నమెంటు కాయితమేనా మేడమ్? నాకొకటి ఇస్తారా?" అని అడిగింది. ఖాలిద్ ఒక నకలు మీద ముద్ర వేయించి ఇచ్చాడు.

ఆ తర్వాత నాకు మిగిలిన కాలంలో అలాంటివే ఇంకో రెండు పాత ఇళ్ల పనులు చేశాను. రెంటిలోనూ కొలతలు మొదలుపెట్టక ముందే ఆ ఇంట్లో బతికినవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, భాష తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి కూర్చున్నాను. ఒక ఇంట్లో బావి పక్కన పాత పునాది ఉందని తెలిసింది. రెండో ఇంట్లో పనికొచ్చేదేమీ తెలియలేదు. రెండు పూటలు పట్టింది, అంతే. మా ఫారాల్లో ఇందుకు ఒక గడి ఉండేది కాదు. చివరి పేజీ మార్జిన్లో చేత్తో రాసేదాన్ని. నేను దిగిపోయేటప్పుడు నా స్థానంలోకి వచ్చిన ఇంజనీరుకు కెమెరా, తాళాలు, డ్రాయింగులు అప్పగించి, ఆ గడిని ఫారంలోనే అచ్చు వేయించమని చెప్పాను. కొలతలు మనం తీసుకోవచ్చు. గోడ అలా ఎందుకుందో మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే, అడిగేటప్పటికి చెప్పే మనిషి బతికి ఉండాలి.